తీపి పూత పోర్క్ చాప్

పోర్క్ చాప్ అంటే పంది వీపు భాగాన్ని వెన్నెముకకు అడ్డంగా, బిళ్లలా కోసిన మాంసపు ముక్క. ఎముకతో ఉంచవచ్చు, తీసివేయవచ్చు. ఈ ముక్కను బాగా కాగిన ఇనుప పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చి, చివర్లో తేనె, బెల్లం, పంచదార వంటి వాటితో చేసిన చిక్కని పాకం పట్టించి వడ్డిస్తారు. ఆ పాకపు పూతనే గ్లేజ్ అంటారు. ఉత్తర అమెరికా, యూరప్, తూర్పు ఆసియా దేశాల ఇళ్లలో ఇది నిత్యం జరిగే వంట. ముందుగా ఉప్పు పట్టించి ఉంచితే, పొయ్యి దగ్గర పని పావుగంటలో ముగుస్తుంది.

తేలికైన వంటే అయినా తొందరగా చెడేది కూడా ఇదే. రెండు మూడు నిమిషాలు ఆలస్యమైతే రసం ఇంకిపోయి, ముక్క నమిలేకొద్దీ పీచులా తగులుతుంది. దీని మెత్తదనాన్ని నిర్ణయించేది మసాలా కాదు, ముక్క నడిమధ్యకు చేరిన వేడి. ఆ వేడిని కొలవడం, సరైన చోట ఆపడం తెలిస్తే మిగిలినదంతా చేతి అలవాటే.

పేరు

చాప్ అనే ఇంగ్లీషు మాటకు నరికిన ముక్క అని అర్థం. మటన్ చాప్స్ రూపంలో ఈ మాట తెలుగువారికి కొత్త కాదు. మేక పక్కటెముకతో కలిపి కోసిన ముక్కను మాంసం దుకాణాల్లో ఆ పేరుతోనే అడుగుతారు. పోర్క్ చాప్ కూడా శరీరంలో అదే చోటి ముక్క, పంది పెద్ద జంతువు కనుక ముక్క వెడల్పుగా ఉంటుంది. ఫ్రెంచిలో పక్కటెముకను కోత్ అంటారు, చిన్న పక్కటెముకను కోత్‌లెత్ అంటారు. ఇంగ్లీషు కట్లెట్, జర్మన్ కోటెలెట్, ఇటాలియన్ కోతొలెత్తా ఆ మాటకు చుట్టాలే. జపాన్‌వారి టోన్‌కట్సులోని కట్సు కూడా కట్లెట్ నుంచి వచ్చిందే. మన రైల్వే క్యాంటీన్లలో కట్లెట్ అంటే ఆలుగడ్డ బిళ్ల అయిపోయింది కానీ, పుట్టుకలో అది ఎముకతో ఉన్న మాంసపు ముక్క.

పంది అన్న మాట ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. తమిళంలో పన్రి, కన్నడంలో హంది, కొడవ భాషలో తెలుగులాగే పంది అంటారు.

ముక్కలో రకాలు

పంది వీపు పొడవునా, వెన్నెముకకు ఇరువైపులా ఒక పొడవాటి కండ ఉంటుంది. నడకలో, బరువు మోయడంలో కాళ్లకూ భుజాలకూ ఉన్నంత శ్రమ దీనికి లేదు. శ్రమలేని కండలో గట్టి పీచు తక్కువ. అందుకే అది సహజంగానే మెత్తన, అతిగా వండితే త్వరగా ఎండిపోవడానికీ అదే కారణం. ఈ వీపు కండను ఎక్కడ కోశారన్నదాన్ని బట్టి చాప్ నాలుగు రకాలు.

భుజం వైపు కోసినది బ్లేడ్ చాప్. ఇందులో కొవ్వు, పీచు రెండూ ఎక్కువ, రంగు ముదురు. రుచి బాగుంటుంది గాని దీనికి నిదానమైన వంట కావాలి. పక్కటెముకల దగ్గర కోసినది రిబ్ చాప్. ఒకవైపు వంపు తిరిగిన ఎముక, మధ్యలో ఒకే కండ ఉండడం వల్ల సమంగా కాలుతుంది. పెనం వంటకు ఇదే ఉత్తమం. నడుము దగ్గర కోసినది లాయిన్ చాప్. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారపు ఎముకకు ఒకవైపు వీపు కండ, మరోవైపు టెండర్‌లాయిన్ అనే చిన్న కండ ఉంటాయి. చిన్న కండ ముందుగా ఉడికిపోతుంది కాబట్టి దాన్ని పెనంలో సెగ తక్కువ తగిలే వైపు ఉంచాలి. తుంటి దగ్గర కోసినది సర్లాయిన్ చాప్. పలు కండలు వేర్వేరు దిశల్లో ఉండడం వల్ల ఇది ఎగుడుదిగుడుగా ఉడుకుతుంది.

ఎముక తీసిన చాప్ తినడానికి సులువు, కానీ ఎముక ఉన్నప్పుడు దాని పక్క మాంసం నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక వంటవాడికి కాస్త వ్యవధి దొరుకుతుంది. రకం ఏదైనా మందం ముఖ్యం. 2.5 నుంచి 4 సెంటీమీటర్ల మందం ఉంటేనే పైభాగం ఎర్రబడేలోగా లోపలి భాగం అతిగా ఉడకకుండా ఉంటుంది. అమెరికాలో పందుల పెంపకానికి పేరుపడ్డ ఐయోవా రాష్ట్రంలో ఐయోవా చాప్ పేరుతో అమ్మేది ఇలాంటి మందపాటి ముక్కే. ఒక సెంటీమీటరు మందపు ముక్కను రసంతో వండడం ఎంత నేర్పరికైనా కష్టం.

చరిత్ర

అడవి పందిని మనిషి సుమారు 9,000 ఏళ్ల కిందట మచ్చిక చేశాడు. నేటి తుర్కియే ప్రాంతమైన అనటోలియాలోనూ, చైనాలోనూ ఈ పని విడివిడిగా జరిగింది. అమెరికా ఖండాల్లో పెంపుడు పందులు లేవు. 1493లో కొలంబస్ రెండో యాత్రలో అవి కరీబియన్ దీవులకు, 1539లో హెర్నాండో డి సోటో వెంట ఫ్లోరిడాకు చేరాయి. 19వ శతాబ్దంలో ఒహైయో నది ఒడ్డున ఉన్న సిన్సినాటి పంది మాంసపు వ్యాపారంతో పోర్కోపొలిస్ అన్న పేరు తెచ్చుకుంది. ఇంగ్లండులో 17వ శతాబ్దం చివరికే చాప్ హౌస్ అనే భోజనశాలలు వెలిశాయి. ముక్కను మంట మీద కాల్చి వేడివేడిగా పెట్టడం వాటి ప్రత్యేకత.

ఈ చరిత్రలో నేటి వంటింటిని తాకే మలుపులు రెండు: ఒక భయం పుట్టడం, పంది సన్నబడడం.

1835లో లండన్‌లో వైద్య విద్యార్థి జేమ్స్ పేజెట్ ఒక శవపరీక్షలో కండరాల్లో సన్నని చుట్టల్లాంటి పురుగులను గమనించాడు. రిచర్డ్ ఓవెన్ ఆ పురుగుకు పేరు పెట్టాడు. అదే నేటి ట్రైకినెల్లా స్పైరాలిస్. 1860లో జర్మన్ వైద్యుడు ఫ్రీడ్రిష్ జెంకర్ ఈ పురుగు పంది మాంసం ద్వారా మనిషికి సోకి ప్రాణం తీయగలదని చూపాడు. 1865లో జర్మనీలోని హెడర్స్‌లేబెన్ గ్రామంలో పచ్చి పంది మాంసం తిన్న నూరుమందికి పైగా చనిపోయారు. రుడోల్ఫ్ ఫిర్షో వంటి వైద్యులు మాంస తనిఖీ తప్పనిసరి చేయాలని పోరాడారు. అప్పటినుంచి పంది మాంసాన్ని లోపల గులాబీ రంగు కనిపించకుండా, బూడిద రంగుకు తిరిగేదాకా వండాలన్న నియమం ఇళ్లలో స్థిరపడింది. ఆ రోజుల్లో అది ప్రాణాలు కాపాడిన నియమం.

రెండో మలుపు 20వ శతాబ్దం మధ్యలో వచ్చింది. వంటనూనెలు చవకయ్యాక పంది కొవ్వుకు గిరాకీ పడిపోయింది. కొవ్వు పంది పోయి, కండ పెరిగే సన్నని పంది పెంపకంలోకి వచ్చింది. అమెరికా పంది మాంస ఉత్పత్తిదారులు 1987లో దీన్ని కోడిమాంసంలాంటి మరో తెల్ల మాంసంగా ప్రచారం చేశారు. శాస్త్రం లెక్కలో మాత్రం పంది మాంసం ఎర్ర మాంసమే, ఎందుకంటే రంగునిచ్చే మయోగ్లోబిన్ అందులో కోడికన్నా ఎక్కువ. పాత పందిలో కండ లోపలి కొవ్వు ఎక్కువ వేడినైనా కొంత కాచేది. కొత్త పందికి ఆ రక్షణ లేదు. పంది మారినా వండే అలవాటు మారలేదు. నేటి పోర్క్ చాప్ ఎండిపోతుందన్న ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది.

మంచి ముక్క గుర్తులు

తాజా చాప్ లేత గులాబీ నుంచి కాస్త ముదురు గులాబీ రంగులో, ముట్టుకుంటే గట్టిగా, తడి లేకుండా ఉండాలి. కండ మధ్య సన్నని తెల్ల గీతల్లా కొవ్వు కనిపిస్తే మేలు. పాలిపోయి, మెత్తగా, నీరు ఊరుతూ ఉన్న ముక్కను తీసుకోకూడదు. కోతకు ముందు జంతువు బెదిరినా, జన్యు కారణం వల్ల ఒత్తిడిని తట్టుకోలేకపోయినా, మాంసం వేడిగా ఉండగానే ఆమ్లత వేగంగా పెరిగి, ప్రొటీన్లు నీటిని పట్టుకునే శక్తిని పోగొట్టుకుంటాయి. అలాంటి ముక్క ఏ వంటలోనూ రసంగా రాదు. జంతువును నెమ్మదిగా, దయతో చూడడం రుచికి కూడా అవసరమే.

జాతి కూడా లెక్కలోకి వస్తుంది. ఇంగ్లండుకు చెందిన బర్క్‌షైర్ జాతి మాంసం ముదురు రంగుకూ కొవ్వు గీతలకూ పేరుపొందింది. జపాన్‌లో దాన్ని కురోబుటా, అంటే నల్ల పంది, అంటారు. అమెరికాలో డ్యురోక్ జాతికీ అలాంటి పేరే ఉంది. తెల్లని లార్జ్ వైట్ యార్క్‌షైర్, లాండ్రేస్ జాతులు వేగంగా పెరిగి సన్నని మాంసం ఇస్తాయి.

ఉప్పు చేసే పని

సన్నని మాంసానికి మొదటి రక్షణ ఉప్పు. దీన్ని రెండు విధాలుగా పట్టిస్తారు. లీటరు నీటిలో 50 నుంచి 60 గ్రాముల ఉప్పు, 25 గ్రాముల పంచదార కరిగించి, చల్లటి ఆ నీళ్లలో ముక్కలను ఫ్రిజ్‌లో అరగంట నుంచి నాలుగు గంటల వరకు ఉంచడం ఒకటి. ముక్క బరువులో సుమారు ఒక శాతం ఉప్పు రాసి, పైన మూత లేకుండా ఫ్రిజ్‌లో ఒక గంట నుంచి ఒక రాత్రి వరకు ఉంచడం రెండోది.

రెండింటిలోనూ జరిగేది ఒకటే. ఉప్పు కండలోకి ఇంకి, మయోసిన్ అనే ప్రొటీన్‌ను కొంత వదులు చేస్తుంది. వదులైన ప్రొటీన్ వేడికి ముడుచుకునేటప్పుడు నీటిని అంతగా పిండివేయదు. పొడి పద్ధతిలో మరో లాభం ఉంది. పైతడి ఆరిపోయి, పెనం మీద ముక్క త్వరగా ఎర్రబడుతుంది. కొన్ని దేశాల్లో ప్యాకెట్ మాంసానికి ముందే ఉప్పునీరు ఎక్కిస్తారు. పొట్లం మీద ఆ సంగతి రాసి ఉంటే మళ్లీ నానబెట్టకూడదు.

పెనం మీద జరిగేది

కాగిన పెనానికి మాంసం తగలగానే వచ్చే గోధుమ రంగు, కమ్మని వాసన ఒక రసాయన చర్య ఫలం. ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు కొన్ని చక్కెరలతో కలిసి వందలాది కొత్త పదార్థాలుగా మారతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో దీన్ని వివరించాడు కాబట్టి మయార్ చర్య అంటారు. సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇది జోరందుకుంటుంది. దోసె అట్టడుగున ఎర్రదనం, వేపిన వేరుశనగ పప్పు వాసన, కాల్చిన రొట్టె రంగు కూడా దీని పుణ్యమే.

నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది కనుక ముక్క పైన తడి ఉన్నంతసేపూ ఉపరితలం ఆ మెట్టు దాటదు. తడిగా వేసిన ముక్క కాలదు, ఉడుకుతుంది. అందుకే పొడిగుడ్డతో అద్ది తడి తీయడం, పెనంలో ముక్కలను కిక్కిరిసినట్టు వేయకపోవడం తప్పనిసరి.

పెనం మీద కాల్చితే రంధ్రాలు మూసుకుని రసం లోపలే ఉండిపోతుందన్న నమ్మకం పాతది. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయనవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ దానికి ప్రచారం తెచ్చాడు. అది నిజం కాదు. కాల్చిన ముక్క పెనంలో చిటపటలాడుతూనే ఉండడం రసం బయటికి వస్తున్నదనడానికి సాక్ష్యం. అమెరికన్ రచయిత హెరాల్డ్ మెక్‌గీ 1984లో వెలువరించిన వంట విజ్ఞాన గ్రంథంలో ఈ అపోహను విప్పి చెప్పాడు. పెనం కాల్పు ఇచ్చేది రుచి, రంగు. రసాన్ని కాపాడేది అదుపులో ఉన్న వేడి.

వేడి మెట్లు, ఆరోగ్య రక్షణ

మాంసంలో ప్రొటీన్లు ఒక్కొక్కటి ఒక్కో మెట్టు దగ్గర మారతాయి. 50 డిగ్రీల దగ్గర మయోసిన్ గడ్డకట్టి ముక్క కాస్త బిగుస్తుంది. 60 దాటాక కండ పోగులను చుట్టి ఉన్న పొరలు ముడుచుకుని రసాన్ని పిండడం మొదలుపెడతాయి. 66 నుంచి 73 డిగ్రీల మధ్య ఆక్టిన్ అనే ప్రొటీన్ బిగుసుకుంటుంది. ముక్క ఎండిపోయేది ఇక్కడే. వీపు కండలో కరిగే పీచు తక్కువ కాబట్టి, భుజం మాంసంలా గంటసేపు ఉడికిస్తే మెత్తబడుతుందనుకోవడం పొరపాటు. ఎంత ఉడికితే అంత గట్టిపడుతుంది.

ట్రైకినెల్లా పురుగు సుమారు 58 డిగ్రీల దగ్గరే చస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో ముక్కగా ఉన్న పంది మాంసానికి సిఫారసు చేసే వేడిని 71 డిగ్రీల నుంచి 63 డిగ్రీలకు తగ్గించి, దించాక మూడు నిమిషాలు పక్కన ఉంచాలని చెప్పింది. కీమాకు మాత్రం 71 డిగ్రీలే వర్తిస్తుంది, ఎందుకంటే రుబ్బినప్పుడు పైన ఉండే సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. 63 డిగ్రీల దగ్గర ముక్క నడుమ లేత గులాబీ రంగు మిగిలి ఉంటుంది. అది పచ్చితనానికి గుర్తు కాదు.

భారతదేశంలో ఇంకో జాగ్రత్త అవసరం. ఆరుబయట తిరిగి మలం తినే పందులకు టీనియా సోలియం అనే బద్దెపురుగు సోకుతుంది. దాని తిత్తులున్న మాంసాన్ని సరిగా ఉడకకుండా తింటే మనిషి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంతో వచ్చే గుడ్లు నీటిలో, కూరగాయల మీద చేరి ఇతరుల కడుపులోకి వెళ్తే మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛ రావచ్చు. మాంసం ముట్టనివారికి కూడా ఈ జబ్బు వచ్చేది అందుకే. దేశంలో మూర్ఛకు ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. కాబట్టి తనిఖీ ఉన్న ఫారం మాంసాన్నే కొనాలి. ఎక్కడిదో తెలియని మాంసమైతే రసం కొంత పోయినా 71 డిగ్రీల వరకు వండడమే క్షేమం. ఉప్పు పట్టించి ఉంచిన ముక్క ఆ వేడిలోనూ తినదగినట్టుగా మిగులుతుంది.

తీపి పూత

పంది మాంసానికి తీపి ఇంత బాగా కుదరడానికి కారణం ఉంది. ఈ మాంసం రుచి సున్నితమైనది, కొవ్వు కమ్మనిది. తీపి ఆ కమ్మదనాన్ని పైకి తెస్తుంది, పులుపు కొవ్వు జిడ్డును విరుస్తుంది, ఉప్పు రెండింటినీ కలుపుతుంది. పులుసులో చిన్న బెల్లం ముక్క వేసే తెలుగు వంటింటికి ఈ లెక్క కొత్త కాదు.

పూత పాకశాస్త్రం కూడా మనకు పరిచితమే. పాకంలో నీరు ఉన్నంతవరకు వేడి 100 డిగ్రీలకు కాస్త పైన ఆగుతుంది. నీరు ఇగిరేకొద్దీ పాకం చిక్కబడి వేడి పెరుగుతుంది. అరిసెలకు ఉండ పాకం, జాంగ్రీకి తీగ పాకం కావలసినట్టే, గ్లేజ్‌కు చెంచా వెనక పట్టుకుని నెమ్మదిగా జారే లేత పాకం కావాలి. పళ్లెంలో చల్లారాక అది ఇంకొంచెం బిగుస్తుంది కనుక పెనంలో పల్చగా ఉన్నప్పుడే దించాలి.

తీపి ముందుగా వేయకూడదన్నది ఈ వంటలో పెద్ద నియమం. పంచదార సుమారు 160 డిగ్రీల దగ్గర మాడు దారి పడుతుంది. తేనెలో ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్ దాదాపు 110 డిగ్రీలకే రంగు మారడం మొదలుపెడుతుంది. 200 డిగ్రీల పెనంలో తేనె పోస్తే క్షణాల్లో నల్లబడి చేదెక్కుతుంది. మాంసం కాలి, సెగ తగ్గాకనే తీపి దిగాలి.

వండే క్రమం

ఇద్దరికి సరిపడే కొలతలివి: 2.5 సెంటీమీటర్ల మందం గల ఎముక చాప్‌లు రెండు, శుద్ధి చేసిన వేరుశనగ నూనె ఒక పెద్ద చెంచా, వెన్న ఒక పెద్ద చెంచా, నలగ్గొట్టిన వెల్లుల్లి రెబ్బలు రెండు, మిరియాల పొడి. పూతకు తేనె రెండు పెద్ద చెంచాలు, సోయా సాస్ ఒకటి, వెనిగర్ ఒకటి, నీళ్లు మూడు.

ఉప్పు పట్టించిన ముక్కలను తడి లేకుండా తుడిచి, అంచున ఉన్న కొవ్వు పట్టీకి రెండు మూడు చోట్ల గాటు పెట్టాలి. గాటు లేకపోతే కొవ్వు పొర ముందుగా ముడుచుకుని ముక్క గిన్నెలా వంగిపోతుంది, మధ్య భాగం పెనానికి తగలదు. మందపాటి ఇనుప పెనాన్ని మధ్యస్థానికి పైనున్న సెగ మీద కాచి నూనె వేయాలి. నూనె మీద సన్నని పొగ కదలగానే ముందు కొవ్వు అంచును నిలబెట్టి ఒక నిమిషం కరగనివ్వాలి. తరువాత ముక్కను పరిచి, కదపకుండా మూడు నిమిషాలు ఉంచి తిప్పాలి. రెండోవైపు రంగు వచ్చాక సెగ తగ్గించి, నిమిషానికోసారి తిప్పుతూ ఉంటే లోపల సమంగా ఉడుకుతుంది.

థర్మామీటరు ముల్లును ముక్క పక్క నుంచి, ఎముకకు తగలకుండా నడిమధ్యకు గుచ్చాలి. 60 డిగ్రీలు చూపగానే ముక్కలను పళ్లెంలోకి తీయాలి. పక్కన ఉన్న ఐదు నిమిషాల్లో పైవేడి లోపలికి పాకి మరో మూడు డిగ్రీలు పెరుగుతుంది.

ఆ వ్యవధిలో పూత తయారవుతుంది. పెనంలో ఎక్కువైన నూనె వంపి, వెల్లుల్లి వేసి, నీళ్లు, వెనిగర్, సోయా పోసి అడుగున అంటుకున్న ఎర్రని పొరను చెక్క గరిటెతో గీకాలి. రుచి సారమంతా ఆ పొరలోనే ఉంటుంది. అది కరిగాక తేనె వేసి, బుడగలు పెద్దవై నెమ్మదించేవరకు ఇగర్చి, వెన్న కలిపితే పాకం నిగనిగలాడుతుంది. ముక్కలనూ వాటి నుంచి ఊరిన రసాన్నీ పెనంలోకి తెచ్చి, అర నిమిషం సేపు చెంచాతో పాకం పైన పోస్తూ అటూ ఇటూ దొర్లించి దించాలి.

నాలుగు సెంటీమీటర్ల ముక్కకు పెనం ఒక్కటే చాలదు. ఎర్రగా కాల్చాక ఓవెన్‌లో ముగించవచ్చు. లేదంటే ముందే 120 డిగ్రీల ఓవెన్‌లో నడిమధ్య 55 వచ్చేవరకు ఉంచి, చివర పెనం మీద రంగు తేవచ్చు. ఇళ్లలో ఓవెన్ లేకపోతే సన్న సెగ మీద మూత పెట్టి ముగించడం తెలుగు వంటింటికి అనువైన దారి. తేనె బదులు బెల్లం తురుము, వెనిగర్ బదులు చింతపండు రసం వాడినా సూత్రం మారదు.

ఎదురయ్యే లోపాలు

పూత ముద్దగా బిగుసుకుంటే చెంచాడు వేడినీళ్లతో కరుగుతుంది. పూత ముక్కకు అంటకుండా జారిపోతే ముక్క పైన తడి ఉందని అర్థం. పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటే సెగ ఎక్కువైంది, లేదా ముక్క ఫ్రిజ్ చలితోనే పెనంలో పడింది. రంగు రాకుండా బూడిదలా ఉంటే పెనం కాగలేదు. మాడిన పాకానికి మందు లేదు, పారబోసి కొత్తగా చేసుకోవాలి.

వివిధ దేశాల్లో

అమెరికాలో చాప్‌కు యాపిల్ ముక్కలు, బ్రౌన్ షుగర్, మేపుల్ చెట్టు పాకం తోడు. ఫ్రాన్సులో ఉల్లి, ఆవాల ముద్ద, ఊరబెట్టిన చిన్న దోసకాయలతో పుల్లని సాస్ చేస్తారు. జపాన్‌వారి తెరియాకిలో తెరి అంటే నిగారింపు, యాకి అంటే కాల్పు. సోయా సాస్, తియ్యని మిరిన్ మద్యం, పంచదారతో ఆ మెరుపు వస్తుంది. దక్షిణ చైనా కాంటన్ ప్రాంతపు చా సియూ వంటకంలో తేనె లేదా మాల్టోజ్ పాకం పూసి వేలాడదీసి కాల్చుతారు. వియత్నాంలో నూక బియ్యపు అన్నం మీద నిమ్మగడ్డి, చేపల సాస్, పంచదార పట్టించి కాల్చిన చాప్ పెట్టే కొమ్ తమ్ ఉదయపు ఫలహారం. మకావులో పోర్క్ చాప్‌ను బన్నులో పెట్టి అమ్ముతారు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో ఇది చులేటా.

భారతదేశంలో, తెలుగు నేలపై

ఇస్లాం, యూదు మతాలు పంది మాంసాన్ని నిషేధించాయి. హిందువుల్లో తినేవారూ, ముట్టనివారూ ఉన్నారు. ఈశాన్య రాష్ట్రాల్లో ఇది విందుల్లో ముఖ్యమైన మాంసం. గోవాలో విండాలూ, సోర్పొటెల్, కొడగులో కాచంపులి అనే చిక్కని పుల్లని రసం వేసిన పంది కూర ప్రసిద్ధాలు. 2019 పశుగణనలో దేశంలోని పందుల సంఖ్య 90.6 లక్షలు, అస్సాంది మొదటి స్థానం. పందులపై పరిశోధనకు జాతీయ కేంద్రం గువాహటి దగ్గరి రాణిలో ఉంది. దేశంలో తొలిసారి 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ పందులను చంపుతుంది కానీ మనుషులకు సోకదు.

తెలుగు ప్రాంతాల్లో పందుల పెంపకం తరతరాలుగా ఎరుకల వంటి సముదాయాల జీవనాధారం. నల్లని నాటు పందికి తోడుగా, తెల్లని విదేశీ జాతులు సీమ పందుల పేరుతో ఫారాలకు వచ్చాయి. కృష్ణా జిల్లా గన్నవరంలో ప్రభుత్వం పందుల సంతతి కేంద్రాన్ని, బేకన్ కర్మాగారాన్ని నెలకొల్పింది. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం లార్జ్ వైట్ యార్క్‌షైర్‌ను నాటు పందితో సంకరం చేసి టీ-17 అనే రకాన్ని రూపొందించింది. మన దగ్గర పంది మాంసం ఎక్కువగా కారం, అల్లం వెల్లుల్లితో వేపుడుగానో కూరగానో ఉడుకుతుంది. చాప్ రూపం నగరాల్లోని శీతల మాంసపు దుకాణాలు, ఆంగ్లో ఇండియన్ ఇళ్లు, హోటళ్ల ద్వారా, విదేశాల్లో స్థిరపడ్డ తెలుగువారి ద్వారా పరిచయమైంది.

పోషక విలువ

పైకొవ్వు తీసి వండిన వీపు ముక్క 100 గ్రాముల్లో ప్రొటీన్ 25 గ్రాములకు పైగా ఉంటుంది. బి1 విటమిన్ విషయంలో సాధారణ మాంసాలన్నింటిలో పంది మాంసానిదే పైచేయి. జింకు, సెలీనియం, బి12 కూడా లభిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఎర్ర మాంసాన్ని క్యాన్సర్ కారకమయ్యే అవకాశం ఎక్కువన్న జాబితాలోనూ, బేకన్, సాసేజ్ వంటి నిల్వ మాంసాన్ని కచ్చితమైన కారకాల జాబితాలోనూ చేర్చింది. కాబట్టి మితం మంచిది. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు పూతలోని సోయా ఉప్పునూ తేనె తీపినీ లెక్కలో పెట్టుకోవాలి.

ఇనుప పెనం, ఉప్పు, కాస్త తీపి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. పోర్క్ చాప్‌ను మెత్తగా వండాలనుకునేవారు వాటికి తోడుగా కొనుక్కోవలసిన పనిముట్టు ఒక్కటే, ముల్లు థర్మామీటరు. నమ్మకమైన మాంసానికి 63 డిగ్రీలు, తెలియని మాంసానికి 71. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి.